మీటర్ బోర్డులో ముళ్లన్నీ ఒకేసారి చచ్చిపోతున్నాయి, బోర్డు మార్చాల్సిందేనా?

ఒంగోలు డీజిల్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. నాది 2015 డీజిల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మీటర్ మీద 1,12,000 ఉంది. ఇంజిన్ గురించి ఒక్క కంప్లయింట్ లేదు.

గొడవంతా మీటర్ బోర్డుతోనే. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు ఎలా ఉంటుందో మా జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ గుంటలో దిగి లేచేసరికి స్పీడు, ఆర్‌పీఎం, డీజిలు, టెంపరేచర్ నాలుగు ముళ్లూ ఒక్కసారే పోతున్నాయి. బండి మాత్రం ఆగదు. ఏసీ, హారన్, హెడ్‌లైట్లు అన్నీ మామూలే. కాసేపు పోయాక ఏమీ జరగనట్టు ముళ్లు మళ్లీ లేస్తాయి. వాన పడిన మర్నాడు ఇంకా ఎక్కువ.

సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే క్లస్టర్ (అదే, మీటర్ బోర్డు) మొత్తం మార్చాలి, 26 వేలు, కొత్త బోర్డును బండికి జత చేసే కోడింగ్ ఛార్జీ వేరే అన్నారు. ఏం పోయిందండీ అంటే "లోపల బోర్డు పోయింది సార్" అని ఒకే మాట. మా వీధి మెకానిక్ స్క్రాప్‌లో 4 వేలకు బోర్డు తెచ్చి పెడతానంటున్నాడు. ఎవరి మాట వినాలి? అసలు ఆ బోర్డు ఎలా పని చేస్తుందో ఎవరైనా అర్థమయ్యేలా చెబితే ఈసారి నోరు తెరిచి నాలుగు ప్రశ్నలు అడగగలను.

ఇంకో డౌటు. టెంపరేచర్ ముల్లు ఎండాకాలంలో ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కినా సరిగ్గా మధ్యలోంచి కదలదు. అది పని చేస్తున్నట్టా, ఇరుక్కున్నట్టా? డీజిలు ముల్లేమో ఫుల్ కొట్టించాక చాలాసేపు దిగదు, సగం దాటాక గబగబా పడిపోతుంది. ఫోన్ జీపీఎస్‌లో 92 ఉంటే మీటర్‌లో 97 ఉంటోంది. ఇవన్నీ ఒకే జబ్బా?

గుంటూరు గేర్

బ్యాటరీ టెర్మినల్స్ బిగించి చూడండి బ్రో. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

ఒంగోలు డీజిల్

అది మొదటి రోజే చేశాను బ్రో. టెర్మినల్ లూజ్ అయితే హెడ్‌లైట్లు కూడా పోవాలి కదా, అవి చెక్కుచెదరట్లేదు.

ఆటోనగర్ కరెంటు పని

తమ్ముడూ, ఆ 26 వేలు ఇప్పుడే తీయకు. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పనే నాది, అంబాసిడర్ల రోజుల నుంచి. "బోర్డు పోయింది" అని మా షాపుకి వచ్చే బండ్లలో నిజంగా బోర్డు పోయినవి తక్కువ. బోర్డుకు అందాల్సింది అందక పడుకున్నవే ఎక్కువ.

మీటర్ బోర్డు తనంతట తను ఏదీ కొలవదు. డీజిలు ఎంతుందో చెప్పేది ట్యాంకులో తేలుతూ ఉండే ఫ్లోటు. వేడి చెప్పేది కూలెంటులో మునిగి ఉన్న సెన్సారు. స్పీడు చెప్పేది గేర్‌బాక్స్ మీదున్న సెన్సారు. వాళ్లు చెప్పింది ముల్లుతో చూపించడమే బోర్డు పని. కాబట్టి ముల్లు పడిపోయిందంటే మూడు దారులు. చెప్పేవాడు చెప్పలేదు, చెప్పింది దారిలో పోయింది, లేదా వినాల్సిన బోర్డుకే కరెంటు లేదు. బోర్డే పాడైపోవడం నాలుగోది. మీ సర్వీసు వాళ్లు మొదటి మూడూ వదిలేసి నాలుగో దానికి బిల్లు రాస్తున్నారు.

పాత బండి సంగతి చెబితే నీకు తేలిగ్గా పట్టుబడుతుంది. అంబాసిడర్‌లో స్పీడు ముల్లుకు కరెంటే అక్కర్లేదు. గేర్‌బాక్స్ నుంచి ఒక కేబులు వచ్చి మీటరు లోపల చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాన్ని కప్పుతూ అల్యూమినియం గిన్నె ఉంటుంది, రెండూ ఒకదానికొకటి తగలవు. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో ఎడ్డీ కరెంట్లు, అంటే సుడి తిరిగే కరెంట్లు పుడతాయి, వాటితో గిన్నె కూడా అటే తిరగబోతుంది. సన్నటి చుట్ట స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ రెండు బలాలూ సరితూగిన చోట ముల్లు నిలబడుతుంది. 1902లో జర్మనీలో ఒట్టో షుల్జ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. మన రోడ్ల మీద నిన్న మొన్నటి దాకా నడిచింది. కేబుల్లో గ్రీజు ఎండితే ముల్లు ఊగేది, తెగితే పడుకునేది. రోగం కంటికి కనపడేది.

పెట్రోలు, టెంపరేచర్ ముళ్ల కథ వేరే. వాటి వెనక రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది, దానికి సన్న తీగ చుట్టి ఉంటుంది. తీగ వేడెక్కితే పట్టీ వంగుతుంది, ముల్లు జరుగుతుంది. బ్యాటరీ వోల్టేజి ఒకసారి 12, ఛార్జింగ్‌లో 14 ఉంటుంది కాబట్టి, దాంతోపాటు ముల్లు కూడా మారకుండా వెనకాల ఒక స్టెబిలైజరు పెట్టి సగటున 10 వోల్టులు ఇచ్చేవాళ్లు. ఆ స్టెబిలైజరు ఎర్త్ (కరెంటు బాడీ ఇనుము ద్వారా బ్యాటరీకి తిరిగి పోయే దారి) వదిలేస్తే పెట్రోలూ టెంపరేచరూ రెండూ ఉండాల్సిన దానికంటే పైకి పోయేవి. ఓనరు ఇంజిన్ కాగిపోతోందని కంగారుగా వచ్చేవాడు. పెట్రోలు ముల్లు కూడా పెరిగిందా అని అడిగేవాణ్ని. పెరిగిందంటే రేడియేటరు మూత కూడా తీసేవాణ్ని కాదు, డాష్ కింద చెయ్యి పెట్టేవాణ్ని.

నీ బండి కొత్తదైనా లెక్క అదే. నాలుగూ కలిసి పోతున్నాయంటే ఆ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి. నాలుగు సెన్సార్లు ఒకే గుంటలో చావవు. బోర్డు వెనక కప్లర్‌లో, అంటే వైర్లన్నీ వచ్చి గుచ్చుకునే ప్లగ్గులో, ముఖ్యమైనవి కొన్నే వైర్లు. బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు ఒకటి, తాళం తిప్పితే వచ్చేది ఒకటి, ఎర్త్ ఒకటి, మెసేజీలు వచ్చే జంట వైర్లు.

కరెంటు ఉందా లేదా అని వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒక్కటే పెట్టి చూస్తే మోసపోతావు. వైరు లోపల పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా మల్టీమీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది కరెంటు లాగదు. ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టుకుని దాంతో చూడు. బల్బు నిండుగా వెలగాలి. ఒక చేత్తో వైరింగ్ కట్టను కదుపుతూ చూడు. ఒకటే జాగ్రత్త, పవర్ వైర్ల మీద, ఎర్త్ మీద మాత్రమే బల్బు పెట్టాలి. ఆ మెసేజీ జంట వైర్ల మీద పెట్టకు, అవి బల్బుకు తట్టుకోవు.

అది తేలేదాకా ఆ బండిని హైవే ఎక్కించకపోతే మంచిది. బోర్డు చచ్చి ఉన్నంతసేపు ఆయిల్ ప్రెషర్ ఎర్ర దీపం కూడా వెలగదు. ఆయిల్ పోయినా నీకు చెప్పే దిక్కు లేదు. ఆ దీపం ఆయిల్ ఎంతుందో చెప్పేది కాదు, ప్రెషర్ ఉందా లేదా అని చెప్పేది. కదులుతుండగా వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి, ఇంటికెళ్లి చూద్దాంలే అనకూడదు. పసుపు దీపాలకు గడువు ఉంటుంది, ఎరుపుకు ఉండదు. తాళం ఆన్ చేయగానే అన్ని దీపాలూ ఒకసారి వెలుగుతాయి చూడు, అది దీపాలు బతికే ఉన్నాయని చూసుకోవడానికి. ఎక్కువమంది ఆ క్షణంలో సీటు బెల్టు వెతుక్కుంటూ ఉంటారు.

బెంగళూరు క్లస్టర్

ఆటోనగర్ అన్నగారు చెప్పిన దారి సరైనదే. నేను చేసేది ఈ బోర్డుల లోపలి సాఫ్ట్‌వేర్ పని కాబట్టి అటువైపు నుంచి కొంచెం కలుపుతాను.

ఒక సవరణ. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా బండ్లలో స్పీడు గేర్‌బాక్స్ నుంచి రాదు. చక్రాల దగ్గర సెన్సార్లుంటాయి, ఏబీఎస్ యూనిట్ వాటిని లెక్కగట్టి మెసేజీ పంపుతుంది. ఆర్‌పీఎం, కూలెంటు వేడి ఇంజిన్ ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు పంపుతుంది. వీళ్లందరూ మాట్లాడుకునేది క్యాన్ బస్ మీద, అన్నగారు చెప్పిన మెసేజీల జంట వైర్లు అవే. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి. రెండు వైర్లు మెలేసి ఉంటాయి, రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ తీసేసి ఆ రెండు వైర్ల మధ్య మల్టీమీటరు పెడితే దాదాపు 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఒక కొస తెగినట్టు.

ఇప్పుడు ముల్లు సంగతి. నేటి ముల్లు వెనక స్ప్రింగు ఉండదు. అడుగులడుగులుగా తిరిగే స్టెప్పర్ మోటారు ఉంటుంది, డిగ్రీలో పన్నెండో వంతు చొప్పున కూడా జరపగలం. కానీ ముల్లు ఇప్పుడు ఎక్కడుందో ఆ మోటారుకు తెలియదు. అందుకే బోర్డు మేలుకోగానే ముల్లును వెనక్కి జరిపి సున్నా దగ్గరి ఆపుకు ఆనించి, అక్కణ్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటాం.

దీనివల్ల మీకు ఒక సులువైన పరీక్ష దొరుకుతుంది. స్ప్రింగు లేదు కాబట్టి బోర్డుకు కరెంటు పూర్తిగా పోతే ముల్లు కింద పడదు, ఉన్నచోటే ఉండిపోతుంది. 60 దగ్గరుంటే 60 దగ్గరే. కరెంటు తిరిగి రాగానే సున్నాకు వెళ్లి మళ్లీ లేస్తుంది. అదే కరెంటు ఉండి మెసేజీలు ఆగిపోతే ప్రాసెసరు బతికే ఉంటుంది కాబట్టి కాసేపు ఎదురుచూసి తనే ముల్లును నెమ్మదిగా సున్నాకు దింపుతుంది. డిస్‌ప్లే వెలుగుతూనే ఉంటుంది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లాంటి దీపాలు వరసగా వెలుగుతాయి. తాళం వైరు ఒక్కటే వదిలితే మూడో రకం, తాళం తీసినప్పుడు ఎలా పడుకుంటుందో అలా పద్ధతిగా పడుకుంటుంది. బండిని బట్టి తేడాలుంటాయి గానీ మొత్తం మీద ఇదే. కాబట్టి "పోతున్నాయి" అన్నారు చూడండి, ఎలా పోతున్నాయో చూసి చెప్పండి. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి ఫోన్లో వీడియో తీయించండి. ఇండికేటర్ వేసి ఉంచండి. చాలా బండ్లలో ఆ టిక్ టిక్ శబ్దం బోర్డు లోపలి నుంచే వస్తుంది. బయట లైటు కొట్టుకుంటూ లోపల శబ్దం ఆగిపోతే బోర్డుకు ప్రాణం పోయినట్టే.

మిగతా డౌట్లు ఏవీ జబ్బులు కావు. టెంపరేచర్ ముల్లును మేమే కావాలని మధ్యలో నిలబెడతాం. కూలెంటు 85 నుంచి 100 డిగ్రీల మధ్య అటూఇటూ పోవడం ఇంజిన్‌కు మామూలే, కూలెంటును రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఉన్నదున్నట్టు చూపిస్తే జనం టెన్షన్ పడి సర్వీసుకు వస్తారు. అందుకని ఆ మధ్య పట్టీలో వేడి ఎంతున్నా ముల్లు ఒకేచోట ఉంటుంది. దాటితే మాత్రం చకచకా లేస్తుంది. నాకు వ్యక్తిగతంగా ఇది నచ్చదు, ఎందుకంటే ముల్లు లేచేసరికి ఆలోచించుకునే టైము తక్కువ ఉంటుంది. అసలు అంకె కావాలంటే బ్లూటూత్ ఓబీడీ రీడరు (బండి కంప్యూటర్ లెక్కలు చదివే చిన్న ప్లగ్గు) పెట్టుకోండి, ఫోన్లో డిగ్రీలతో సహా కనిపిస్తుంది.

స్పీడు ఎక్కువ చూపించడం కూడా కావాలని చేసేదే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపించకూడదు. ఎక్కువ చూపించొచ్చు, అసలు వేగంలో పదో వంతు, దానిమీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా. టైర్లు అరిగినా, గాలి తగ్గినా తేడా వస్తుంది కాబట్టి తయారీదారులు కొంచెం పైకే పెట్టుకుంటారు. 92కి 97 అంటే హద్దులో బాగా లోపలే ఉన్నట్టు.

ఆటోనగర్ కరెంటు పని

ఏబీఎస్ మాట ఒప్పుకుంటా, ఉంటే. 2015లో ఏబీఎస్ లేని బేస్ వేరియంట్లు బోలెడు అమ్మారు బాబూ. తమ్ముడి బండి ఏ వేరియంటో నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. ముల్లు ఆగిపోయే పరీక్ష మాత్రం బాగుంది, మా కుర్రాళ్లకు చెప్తా.

నల్గొండ రెండో ఓనర్

స్క్రాప్ బోర్డు జోలికి మాత్రం పోకండి. తిరిగిన కిలోమీటర్లు చాలా బండ్లలో బోర్డు మీది మెమొరీ చిప్‌లోనే ఉంటాయి. వేరే బండి బోర్డు పెడితే వాడి కిలోమీటర్లు మీ బండికి వస్తాయి. రేపు అమ్మేటప్పుడు సర్వీస్ రికార్డుకీ మీటరుకీ పొంతన కుదరక కొనేవాడు మిమ్మల్నే అనుమానిస్తాడు. కొన్ని మోడళ్లలో ఇమ్మొబిలైజర్ కూడా బోర్డులోనే ఉంటుంది, తాళంలోని చిప్‌ను గుర్తుపట్టక బండి స్టార్టే కాదు. ఒకవేళ కొత్తది పెట్టించినా పాత కిలోమీటర్లు అందులోకి ఎక్కించారో లేదో బిల్లు మీద రాయించుకోండి.

ఒంగోలు డీజిల్

వీడియో తీశాం. మా బావమరిది పక్కన కూర్చుని తీశాడు. బెంగళూరు అన్న చెప్పినట్టే ఉంది! గుంటలో పడగానే డిస్‌ప్లే ఆరిపోయింది, స్పీడు ముల్లు 40 దగ్గర అలాగే నిలబడిపోయింది. పడిపోలేదు. టిక్ టిక్ కూడా ఆగింది, అద్దంలో చూస్తే బయట ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది. కొద్ది సెకన్ల తర్వాత డిస్‌ప్లే వచ్చి, ముల్లు సున్నాకు వెళ్లి మళ్లీ 40కి లేచింది. దీపాలన్నీ మొదట్లో వెలిగినట్టు వెలిగి ఆరాయి. అంటే కరెంటో ఎర్తో, అంతేనా? బోర్డు తీసి నేనే చూసుకోవచ్చా?

ఆటోనగర్ కరెంటు పని

అంతే. ఆ వీడియో తీసుకెళ్లి సర్వీసులో చూపించు, "కప్లర్ దగ్గర ఏ పిన్నులు చెక్ చేశారు" అని అడుగు.

నువ్వే చూసుకునేట్టయితే ముందు తాళం తీసి బ్యాటరీ నెగటివ్ విప్పి కొన్ని నిమిషాలు ఆగు. స్టీరింగులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని పసుపు కప్లర్ ముట్టుకోవద్దు. బోర్డు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, స్క్రూడ్రైవరుతో ఎత్తకు. కప్లర్ తీశాక పిన్నుల్లో పచ్చటి తుప్పుందేమో చూడు. తర్వాత బ్యాటరీ కలిపి, బల్బు ఒక కొస ఎప్పుడూ కరెంటుండే పిన్నుకు, రెండో కొస బాడీ ఇనుముకు పెట్టు. నిండుగా వెలిగితే కరెంటు బాగున్నట్టు. ఇప్పుడు రెండో కొస బాడీకి కాకుండా కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకే పెట్టు. కట్టను కదుపు. మసకబారితే దొంగ దొరికినట్టే. పిన్ను ఏదో తెలియకుండా ఊహించి పెట్టొద్దు, నీ మోడల్ వైరింగ్ డయాగ్రం సంపాదించాకే మొదలుపెట్టు. రెండూ బాగుంటే అప్పుడు బోర్డు వెనక కప్లర్ కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (పట్టు వదిలిన సోల్డరు అతుకు) ఉందేమో చూడాలి. అది నువ్వు చేసేది కాదు, సన్న సోల్డరింగ్ తెలిసినవాడికి ఇవ్వు.

ఒంగోలు డీజిల్

నాకు ధైర్యం చాలక ఇక్కడే ఒక ఎలక్ట్రీషియన్‌కి ఈ థ్రెడ్ చదివి వినిపించి చేయించాను. మొదట నవ్వాడు, తర్వాత బల్బు తీశాడు. ఎర్త్ పిన్ను దగ్గర మసకబారింది. ఆ వైరు వెంట పోతే డ్రైవరు కాళ్ల పక్కన ప్లాస్టిక్ ప్యానెల్ వెనక బాడీకి బిగించిన బోల్టు దొరికింది. రింగు అంతా తెల్లగా పచ్చగా పొంగి ఉంది. గీకి కొత్త రింగు కొట్టి బిగించాడు. చీమకుర్తి పోయి వచ్చాను, ఏమీ కాలేదు. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

డీజిలు ముల్లు మాత్రం అలాగే ఉంది. అదొక్కటే మిగిలింది.

బెంగళూరు క్లస్టర్

దాన్ని వదిలేయండి. ట్యాంకు పైనా కిందా ఒకే వెడల్పు ఉండదు, సీటు కింద, సైలెన్సర్ పక్కన ఉన్న సందులో ఒదిగేలా వంకరగా చేస్తారు. ఫ్లోటు చూసేది ఎత్తునే, లీటర్లను కాదు. మెడ దాకా పోయించుకుంటే ఫ్లోటు పైకప్పుకు ఆనుకుని ఉంటుంది, ఆ పైన పోసింది ఖర్చయ్యేదాకా అది కదలదు. పైగా మలుపుల్లో డీజిలు ఎగిసినప్పుడల్లా ముల్లు ఊగకుండా సాఫ్ట్‌వేర్‌లో బాగా నెమ్మది చేస్తాం.

ఆటోనగర్ కరెంటు పని

తమ్ముడూ, బోల్టు గీకడం సగం పనే. కారు లోపల ఆ మూలకు నీళ్లు ఎలా వచ్చాయి? బానెట్ ఎత్తి వైపర్ల కింద ప్లాస్టిక్ జాలీ తీసి చూడు, ఆకులు పేరుకుని నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. మగ్గుతో నీళ్లు పోసి కిందికి దిగుతున్నాయో లేదో చూడు, డ్రైవరు వైపు మ్యాట్ ఎత్తి తడి తగులుతుందేమో చెయ్యి పెట్టు. ఆ బోల్టుకు కొంచెం గ్రీజు పూయించు. అదే బోల్టుకు ఇంకెన్ని ఎర్తులు కలిపి ఉన్నాయో కూడా చూడమను, ఈసారి వదిలేది మీటరు కాకపోవచ్చు.